పయనమునకు ముందు పద్దు



విదేశములకు పోవు మన బిడ్డలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. నేడు మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలో ఏ పెండ్లిపందిటిలో కూర్చున్నను, ఎవరి కుమారుడు ఏ దేశమున నున్నాడను ప్రస్తావన రాక మానదు. విదేశయాత్రను పొగడుటకు గాని, తెగడుటకు గాని మేమిచ్చట నిలువలేదు. పోవలదని చెప్పు అధికారము మాకు లేదు. పొమ్మని తొందరపెట్టు సాహసమును లేదు. పోవువారు ఏమి ఆశించి పోవలెను, పంపువారు ఏమి ఆశించి పంపవలెను అను రెండు ప్రశ్నలే నేటి మా ప్రసంగమునకు విషయము. మొదటి ప్రశ్నను గూర్చి మనము ఎంతయో మాట్లాడుకొందుము. రెండవదానిని గూర్చి మాట్లాడుకొనము. చిక్కంతయు అచ్చటనే యున్నదని మా అనుభవము.

మొదట మన సంగతియే చెప్పుకొందము. తిరువళ్ళూరు వారు ఆదినుండియు మదరాసు రాష్ట్రమందే యుండిరి. తిరుత్తణి, పళ్ళిపట్టు వారి చరిత్ర వేరు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు వారు చిత్తూరు జిల్లాతో పాటు అందు చేరిరి. పటాస్కరుగారి సిఫారసుల పిమ్మట, 1959 నాటి చట్టము ననుసరించి, 1960 ఏప్రిల్ 1వ తేదీన మదరాసు రాష్ట్రమునకు వచ్చిరి. ఆనాడు మన పెద్దలు మూట కట్టలేదు, బండి యెక్కలేదు. రాత్రి ఒక రాష్ట్రమున పండుకొని, తెల్లవారునప్పటికి మరియొక రాష్ట్రమున మేల్కొనిరి. మనము కదలలేదు, సరిహద్దు కదలినది.

అట్లయ్యును వారు ఇల్లు చక్కబెట్టుకొనిరి. కచ్చేరీలో అర్జీ తమిళమున వ్రాయవలసి వచ్చినప్పుడు తమిళము నేర్చిరి. ఇంటిలో తెలుగు విడువలేదు. దొరకునది యేది, దొరకనిది యేది అని నిదానముగ తెలిసికొని, దొరకనిదానికై కొంత పోరాడిరి, దొరికినదానితో బ్రదికిరి. ఇల్లు కదలకయే క్రొత్త రాష్ట్రమున నిలదొక్కుకొనుటకు ఇంత నేర్పు కావలసి వచ్చినదే! ఇక సముద్రము దాటి, మాట తెలియని చోటికి, అప్పు నెత్తిన బెట్టుకొని పోవువానికి ఎంత నేర్పు కావలెనో ఆలోచింపుడు.

మన సీమనుండి సముద్రము దాటుట నేటి మాట కాదు. ట్రూరో అను ఓడ మదరాసునుండి కూలీలను ఎక్కించుకొని 1860 నవంబరు 16వ తేదీన ఆఫ్రికాలోని దర్బను రేవు చేరినది. అటుపిమ్మట చెరకు తోటల పనికై నేటాలునకు పోయిన ఓడలలో ఉత్తరార్కాడు జిల్లా వారు చాలమంది యుండిరి. నేటి చిత్తూరు, తిరుత్తణి భాగములు ఆనాడు ఆ జిల్లాలోనివే. అయిదేండ్ల ఒప్పందము, మొదటి యేట నెలకు పది షిల్లింగుల జీతము. పోయినవారిలో పెక్కురకు తిరిగి రావలెనన్న తలంపే యుండెను. చాలమంది రాలేదు. వారి సంతతివారు అచ్చటనే నిలిచి, 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. మలయాకు పోయిన వారి సంతతియు అట్లే 1955లో తమ ఆంధ్ర సంఘమును నెలకొల్పుకొన్నది. అయిదేండ్ల కని పోయిన వారి యాత్ర అయిదు తరములదైనది. మేలో కీడో, తాము అనుకొన్నది మాత్రము కాదు.

బర్మా కథ మరియు దగ్గరిది. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణపు రేవులనుండి మన తెలుగువారు వేలకు వేలు రంగూనుకు పోయిరి. ఓడ ఖర్చునకు మేస్త్రీ ముందుగ సొమ్ము ఇచ్చెడివాడు. ఆ బాకీ తీరువరకు కూలివాడు మేస్త్రీ చేతిలోనివాడే. 1930 మే నెలలో రంగూను రేవున మన కూలీలు జీతము పెంపునకై సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మీయులను పనికి తీసికొనిరి. సమ్మె ముగిసినంతనే వారిని తొలగించిరి. అందుపై రేగిన కల్లోలములో వందమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. చచ్చినవారిలో ఎక్కువమంది తెలుగు కూలీలే. 1942లో జపాను సైన్యము వచ్చినప్పుడు లక్షలాది జనము కొండలు, అడవులు దాటి కాలినడకన భారతదేశమునకు వచ్చిరి. ఎందరో త్రోవలోనే రాలిపోయిరి. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చిన పిదప అంగళ్ళు ప్రభుత్వపరమైనవి. 1964లో పెద్ద నోట్లు చెల్లకుండ పోయినవి. తరతరముల వ్యాపారము చేసినవారు కట్టుబట్టలతో ఓడ యెక్కిరి. చెన్నైలో బీచి స్టేషను దగ్గర బర్మా బజారు మనకందరకు తెలిసినదే. ఇచ్చటనుండి రైలులో పోయి అచ్చట బేరములాడి వచ్చినవారము. ఆ పేరు ఎందుకు వచ్చినదో తలచినవారము కాము. అట్లు తిరిగి వచ్చినవారి బ్రదుకుదెరువునకై వెలసిన బజారది.

ఈ కథలు భయపెట్టుటకు చెప్పలేదు. బర్మాకు పోయినవారు సోమరులు కారు, తెలివి లేనివారును కారు. కష్టపడినవాడు, పొదుపు చేసినవాడు సయితము తన తప్పు లేకయే అన్నియు పోగొట్టుకొని రావచ్చును. ఏలయన పరదేశములో మన సుఖదుఃఖములు మనము ఎన్నుకొనని ప్రభుత్వము చేతిలో నుండును. కనుక ఎచ్చటికి పోయినను, తిరిగి రావలసి వచ్చినచో ఏమి చేయుదము అను ప్రశ్నకు పోవుటకు ముందే సమాధానము ఉండవలెను.

ఇక నేటి సంగతి. గల్ఫు దేశములకు పోవువారి కొరకు ఒక లెక్క వేయుదము. ఇది ఊహకు వేసిన లెక్కయే కాని ఎవరి పద్దును కాదు. నెలకు 1,200 దిర్హముల జీతమని పత్రములో నున్నదనుకొందము. దిర్హమునకు 23 రూపాయల చొప్పున 27,600 రూపాయలు. ఇంటిలోనివారు వినునది ఈ ఒక్క అంకెయే. తిండికి 300, ఫోనుకు, సబ్బులకు, మందులకు 100 దిర్హములు పోగా మిగులునది 800, అనగా 18,400 రూపాయలు. పోవుటకై లక్షన్నర అప్పు చేసెననుకొందము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. మొదటి నెల వడ్డీయే 3,000. ఇంటి ఖర్చునకు నెలకు 8,000 పంపినచో అప్పునకు మిగులునది 10,400. ఇట్లు తప్పక కట్టినను అప్పు తీరుటకు 17 నెలలు దాటును. రెండేండ్ల ఒప్పందము ముగియునప్పటికి చేత నిలుచునది సుమారు 70,000 రూపాయలు. అదియు నెలనెల జీతము వచ్చి, జ్వరము రాక, ఇంటిలో ఏ శుభకార్యమును లేనప్పటి మాట.

ఇదే లెక్కను ఇంకొక విధముగ చూడుడు. 1983 నాటి వలస చట్టము క్రింద లైసెన్సు పొందిన ఏజెంటు పోవువానినుండి తీసికొనదగిన రుసుమునకు హద్దు కలదు: 30,000 రూపాయలు, దానిపై 18 శాతము పన్ను, వెరసి 35,400. అంతమాత్రమే అప్పు చేసి పోయినవాడు అదే జీతముతో నాలుగు నెలలలో అప్పు తీర్చి, రెండేండ్లకు రెండు లక్షలకు పైగా నిలువ చేయును. జీతమొకటే, కష్టమొకటే, ఎండయు ఒకటే. భేదమంతయు బయలుదేరుటకు ముందు ఇచ్చటనే జరిగిపోయినది. విమానాశ్రయమునకు చేరకముందే ఓడిపోయినవాడు దుబాయిలో ఎట్లు గెలుచును?

కనుక పత్రముల విషయము ఉపేక్షింపరాదు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములు, మలేషియా మున్నగు 18 దేశములకు ఉద్యోగమునకై పోవునప్పుడు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఆ కార్యాలయము చెన్నైలోనే కలదు. ఈ అనుమతి ఒక బెడద అని తలచి, సందర్శకుల వీసాపై పోయి అచ్చట ఉద్యోగము చూచుకొందమనువారు ఉన్నారు. అట్లు పోయినవానికి జీతపు పత్రము లేదు, అనుమతితో లభించు రక్షణ లేదు. అనుమతితో పోవువాడు ప్రవాసీ భారతీయ బీమా యోజనలో చేరును. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు మాత్రమే కట్టవలెను. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగ అంగవైకల్యము కలిగినను పది లక్షలు వచ్చును. మూడు వందల రూపాయల బీమాకు వెనుదీసి మూడు లక్షలు ఏజెంటు చేతిలో పోయుట ఏమి తెలివి?

ఫ్రీ వీసా అను మాటను గూర్చియు హెచ్చరింపవలెను. దాని అర్థము ఉచితమైన వీసా కాదు. ఒక యజమాని పేరిట వీసా కొని, అచ్చట వేరొక చోట పని వెదకుకొనుట. పట్టుబడినప్పుడు తప్పు పనివానిదే యగును. ఇంకొకటి: 2022 నుండి, కంప్యూటరులో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన తెలుగు యువకులను, తమిళ యువకులను కంబోడియా, మయన్మారు, లావోసులకు తీసికొనిపోయి, పాస్‌పోర్టు లాగుకొని, ఫోనులో జనులను మోసగించు పనికి నిర్బంధించిన సంగతులు వెల్లడియైనవి. చేయు పనికి, చెప్పు జీతమునకు పొత్తు లేనప్పుడు అది ఉద్యోగము కాదు, ఎర.

పై చదువులకని అమెరికాకు పంపువారు ఈ మాటలు తమకు కావనుకొనవలదు. అచ్చట చదువు ముగిసిన పిమ్మట కొంతకాలము పని చేయ ననుమతి కలదు. పిదప హెచ్-1బి వీసా కావలెను. ఏటేట కంపెనీలకు ఇచ్చు క్రొత్త వీసాలు 65,000; అమెరికాలో పై పట్టము పొందినవారికి మరి 20,000. కోరువారు అంతకు ఎన్నో రెట్లు. శాశ్వత నివాసపత్రములలో ఏ యొక్క దేశమువారికిని 7 శాతమునకు మించి ఇవ్వరాదను నియమము వలన మనదేశమువారు దశాబ్దములు వేచియుండవలసి వచ్చుచున్నది. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి అర్జీలపై ఒక లక్ష డాలర్ల రుసుము విధింపబడినది. నిబంధన ఎప్పుడు మారునో మన చేతిలో లేదు. ఇల్లు కుదువబెట్టిన బ్యాంకు వాయిదా మాత్రము మారదు.

2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయ మను దాని గుట్టు బయటపడినది. అందు పాఠము చెప్పు గురువు ఒక్కడును లేడు. వలస అధికారులే వలగా పన్నిన విద్యాలయమది. సుమారు 600 మంది చేరియుండిరి. పట్టుబడినవారిలో దాదాపు అందరును భారతీయులే, అందు తెలుగువారు చాలమంది. కొందరు తెలిసి చేరిరి, కొందరు తెలియక చేరిరని చెప్పుకొనిరి. వారిని చేర్పించి సొమ్ము గైకొన్నందుకు శిక్ష పడినవారును మనవారే. మనవాడు చెప్పినాడు కదా యని నమ్మిన నమ్మకమే అచ్చట ముంచినది.

ఇప్పుడు అసలు మాట చెప్పెదము. ఏజెంటు అబద్ధములాడునని అందరకు తెలియును. అంతకంటె గట్టిగా మోసగించునది పోయినవారి మౌనము. ఇందుకు మా యింటినుండియే ఒక నిదర్శనము చెప్పుట న్యాయము.

మా మేనల్లుడొకడు ఒక గల్ఫు దేశమునకు పోయినాడు. గిడ్డంగిలో లెక్కలు వ్రాయు పని యని చెప్పి పంపిరి. పోయిన పిదప మూటలు మోయు పని యని తెలిసినది. మూడేండ్లు వాడు ఫోనులో చెప్పినది ఒక్కటే మాట, బాగున్నానని. ఒకసారి పెద్ద కారు ప్రక్కన నిలిచి ఫోటో పంపినాడు. మా అక్కగారు దానిని పటము కట్టించి గోడకు తగిలించినారు. వాడు బాగున్నాడు గదా యని ఇంటిపై మేడ లేపిరి, చెల్లెలి పెండ్లికి అనుకొన్నదానికంటె ఎక్కువ ఒప్పుకొనిరి. పెండ్లికి సొమ్ము చాలక, వాడు అచ్చట తోటి పనివారి వద్ద అప్పు చేసి పంపినాడు. తిరిగి వచ్చిన తరువాత ఒక రాత్రి మా యరుగుపై కూర్చుండి ఇదంతయు చెప్పినాడు. ముందే ఏల చెప్పలేదురా యని అడిగితిమి. "ఎవరును అడుగలేదు మామా. ఎంత పంపెదవని అడిగినారు, ఏమి తినుచున్నావని అడుగలేదు" అనినాడు. ఆ ఫోటోను చూచి సంతోషించినవారిలో మేమును ఒకరము. కారు ఎవరిదని మేమును అడుగలేదు.

ఇది ఒక్క యింటి కథ కాదని ఈ సభలోని ముఖములే చెప్పుచున్నవి. పోయినవాడు తన కష్టము దాచును, ఏలయన మనము గొప్పను కోరుదుము. మనము గొప్ప చెప్పుకొందుము, ఏలయన వాడు కష్టము దాచినాడు. ప్రక్కయింటివాడు ఆ గొప్పను చూచి తన కుమారుని పంపుటకు నగలు కుదువబెట్టును. ఈ వలయమునకు ఏజెంటుతో పని లేదు. మనమే ఒకరికొకరము ఏజెంటులము.

మరి ఏమి చేయవలెను? నాలుగు చిన్న పనులు మనవి చేసెదము.

మొదటిది. పయనము నిశ్చయమైన యింటిలో, టిక్కెట్టు కొనుటకు ముందు, ఒక కాగితముపై పద్దు వ్రాసికొనవలెను. జీతమెంత, తిండి ఎవరిది, అప్పెంత, వడ్డీయెంత, నెలకు ఇల్లు కోరునది ఎంత, అప్పు తీరునది ఏ నెలలో. పోవువాడును, తల్లిదండ్రులును, పెండ్లియైనచో భార్యయు కూడి కూర్చుండి వ్రాయవలెను. ఆ లెక్కను ప్రక్కన బెట్టుకొని, ఆ కుఱ్ఱవాడు అంబత్తూరు, గుమ్మిడిపూండి, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలలో పని చేసినచో మిగులునది ఎంతయో గూడ వ్రాయవలెను. రెండు అంకెలను చూచిన పిదప పోవుటయే మేలని తోచినచో నిశ్చింతగ పోవచ్చును.

రెండవది. తిరుగు ప్రయాణపు టిక్కెట్టునకు, ఆరు నెలల ఇంటి ఖర్చునకు సరిపడు సొమ్ము వేరుగ నుంచవలెను. పని కుదురక మూడవ నెలలోనే తిరిగి వచ్చినవానిని అవమానింపరాదు. తిరిగి వచ్చు త్రోవ తెరచియున్నవాడే పరదేశమున తల యెత్తి నిలువగలడు. త్రోవ మూసికొని పోయినవాడు ఎట్టి యజమానికైనను తలవంచవలసినదే.

మూడవది. పోవుటకు ముందు ఆరు నెలలు ఆ దేశపు వాడుకమాటలు, చేతిపనికి సరియైన సర్టిఫికేటు సంపాదింపవలెను. పళ్ళిపట్టు, పొదటూరుపేటలలో మగ్గము ముందు పెరిగిన బిడ్డకు పని నేర్చుట కష్టము కాదు. తమిళనాడు ప్రభుత్వమువారు విదేశోద్యోగములకై 1978లో స్థాపించిన ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషను చెన్నైలో నున్నది. వీధిలోని ఏజెంటును అడుగుటకు ముందు అచ్చట అడుగుటలో నష్టమేమియు లేదు.

నాలుగవది మన సంఘమునకు సంబంధించినది. విదేశమునుండి సెలవుపై వచ్చినవారిని మనము పూలదండతో గౌరవించుచున్నాము. దండతో పాటు ఒక అరగంట సమయము ఇచ్చి, అచ్చటి బ్రదుకును ఉన్నదున్నట్లు చెప్పించుదము. గది ఎట్లుండును, ఎందరు పండుకొందురు, జ్వరము వచ్చినప్పుడు ఎవరు చూతురు, పండుగనాడు ఏమి చేయుదురు, నిజముగ ఎంత మిగిలినది. బాగుపడినవారు బాగుపడిన త్రోవను చెప్పుదురు. చెడినవారు చెడిన చోటును చూపుదురు. రెండును మన పిల్లలకు కావలసినవే. మంచి యజమాని దొరికి, అప్పు తీర్చి, చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసి, పొలము కొనినవారును మనలో కలరు. వారిని చూచి అసూయ పడనక్కరలేదు. వారు మొదటి రెండేండ్లు ఎట్లు గడిపిరో అడిగి తెలిసికొనిన చాలును.

పయనమునకు ముందు తిరుత్తణి కొండ మెట్లు ఎక్కి మ్రొక్కుకొనుట, తిరువళ్ళూరు వీరరాఘవస్వామివారి కోనేటిలో బెల్లము వేయుట మన ఆచారము. అవి తప్పక చేయుడు. కాని మెట్లు దిగి ఇంటికి వచ్చిన పిదప ఆ పద్దు కాగితమును ముందు బెట్టుకొనుడు. బిడ్డ బయలుదేరిన తరువాత వారమునకొకసారి ఫోను చేసినప్పుడు, ఎంత పంపెదవని అడుగుటకు ముందు ఏమి తిన్నావని అడుగుడు. ఆ ప్రశ్నకు వాడు నిజము చెప్పు ధైర్యము మన కంఠములోనే యుండవలెను.